పాత కారు స్టీరియో సామానుతో సొంత కంప్యూటర్: తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

కొండకు బాడుగ కార్లు తిరిగే ఊరు మనది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. టాక్సీ అప్పటి నుంచీ తిరుపతి బతుకులో భాగమే. ఇప్పుడు ఆ కార్లలో చాలావాటికి టచ్ స్క్రీన్ ఆండ్రాయిడ్ సెట్లు బిగిస్తున్నారు. క్వాలిస్, టవేరా, సుమో, ఇండికాల నుంచి ఊడదీసిన పాత స్టీరియోలు, డోర్ స్పీకర్లు, వెనక సీటు మీది ఓవల్ స్పీకర్లు, ఆంప్లిఫయర్లు షెడ్లలో మూలన పడి దుమ్ము తింటున్నాయి. వాటిలో చాలా వరకు బాగానే పనిచేస్తాయి. కంప్యూటర్ కొట్లో కొత్తగా దొరికే చవక ప్లాస్టిక్ స్పీకర్ల కంటే ఒక పాత మంచి కారు స్పీకరు జత, దానికి తగిన చెక్క పెట్టె ఉంటే ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

ఈ పనిలో దాదాపు అందరూ ఒకే చోట చిక్కుకుంటారు. కారు ఆడియో నడిచేది 12 వోల్టుల మీద. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లో (కరెంటు సప్లై డబ్బా) పసుపు వైరులోనూ 12 వోల్టులే ఉన్నాయి. అందుకని రెండూ కలిపేస్తారు. ఆ తర్వాత స్పీకర్లో గుయ్‌మని హమ్మింగు, మౌస్ కదిపితే కీచుమనే చప్పుడు, సౌండ్ పెంచితే కంప్యూటరే ఆఫ్ అయిపోవడం. ఇవేవీ రాకుండా ఉండాలంటే మూడు పనులు చేయాలి: ఆడియోకు వేరే కరెంటు, కంప్యూటర్‌తో గ్రౌండు (మైనస్ దారి) ఒకే ఒక్క చోట కలవడం, రెంటినీ కలిపి ఆన్ చేయడానికి ఒక రిలే (చిన్న కరెంటుతో నడిచే స్విచ్చు). మిగతా అంతా వడ్రంగం, ఓపిక.

ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

ముందు స్పీకర్లు చూడండి. ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ (పెద్ద కోన్ మధ్యలోనే చిన్న ట్వీటరు ఉన్న) జత దొరికితే అదే మొదటి ఎంపిక. 6×9 ఓవల్ స్పీకర్లలో బాస్ బాగుంటుంది కానీ వాటికి పెద్ద పెట్టె కావాలి, టేబుల్ మీద చోటు తింటాయి. నాలుగు అంగుళాలవి చిన్న టేబుల్‌కు సరిపోతాయి, లోతు మాత్రం ఆశించకండి.

రెండోది ఆంప్లిఫయరు. రెండు లేదా నాలుగు ఛానళ్ల మామూలు ఆంప్లిఫయరు చాలు. సబ్ ఊఫర్ కోసం చేసిన పెద్ద మోనో ఆంప్లిఫయర్లు ఇంటికి అనవసరం. వాటి ఆకలి తీర్చే కరెంటు సప్లై కొనాలంటే, మిగతా సామాను ఖర్చంతా కలిపినా దానికే ఎక్కువవుతుంది.

హెడ్ యూనిట్, అంటే డ్యాష్‌బోర్డులో కూర్చునే స్టీరియో సెట్టు, మూడో స్థానంలో ఉంటుంది. ముందు వైపు ఆక్స్ ఇన్‌పుట్ (బయటి సౌండు తీసుకునే జాకు) ఉన్నదైతేనే తీసుకోండి. ఆక్స్ లేని పాత క్యాసెట్ సెట్టు చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ కంప్యూటర్ సౌండ్ లోపలికి పంపే మంచి దారి ఉండదు. బ్లూటూత్ ఉందని మురిసిపోవద్దు. పాటలకు సరే, సినిమాలో పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది, గేములకు అసలే పనికిరాదు. ఒక్కోసారి కంపెనీ బిగించిన సెట్టు బ్యాటరీ తీయగానే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ తెలియకపోతే అది సౌండ్ ఇవ్వదు, కాబట్టి ముందే అడగండి.

ఒక ఫారడ్ కెపాసిటర్ అని గొట్టంలా మెరుస్తూ కనిపించేది ఉంటుంది. దాన్ని అక్కడే వదిలేయండి. 12 వోల్టుల దగ్గర అందులో 72 జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది. స్పానర్ తగిలితే మెరుపు వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎస్ఎంపీఎస్‌కు తగిలిస్తే షార్టు అనుకుని సప్లై కట్టేసుకుంటుంది. ఇంట్లో దాంతో ఏ ప్రయోజనమూ లేదు.

ఎక్కడ దొరుకుతుంది

కారు యాక్సెసరీల కొట్టులో కొత్త సెట్టు బిగించేటప్పుడు పాతది ఏమవుతోందో అడగండి. మెకానిక్ షెడ్డుకు వెళ్తే సాధారణంగా వినిపించే జవాబు ఇలా ఉంటుంది: "ఉండాది సామీ, పన్జేస్తాదో లేదో నువ్వే చూసుకోవాల." ఆ మాట అన్న మనిషి నమ్మకస్తుడే. పరీక్షించుకోనిస్తాడు. "గ్యారంటీగా పనిచేస్తాది" అని డబ్బాలోంచి బయటికి కూడా తీయకుండా చెప్పేవాళ్ల దగ్గర కొనకండి.

సెట్టుతో పాటు దాని కప్లర్‌ను (వెనక గుచ్చే వైర్ల ప్లగ్గు), కనీసం జానెడు వైరుతో సహా కోయించుకుని తెచ్చుకోండి. కప్లర్ లేని సెట్టుకు వెనక పిన్నుల మీద వైర్లు అతికించడం తలనొప్పి. అది విడిగా దొరకాలంటే చెన్నై పుదుపేటకో, రిచీ స్ట్రీట్‌కో పోవాలి. రెండూ మౌంట్ రోడ్డుకు దగ్గరే, కాబట్టి చెన్నై రైలెక్కితే ఒకే పూటలో ముగించుకోవచ్చు. చిత్తూరు వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటులోనే ఉంది. రిలేలు, ఫ్యూజు హోల్డర్లు, ఇండికేటర్ బల్బులు మాత్రం ఏ ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటాయి.

కొనేముందు, వాడేముందు పరీక్ష

స్పీకర్‌కు పరీక్ష సులువు. గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టు సెల్లును దాని రెండు టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించండి. కోన్ ముందుకో వెనక్కో కదిలి టక్‌మని చప్పుడు రావాలి. ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు కోన్ బయటికి వస్తుంది. గుర్తులు చెరిగిపోయిన స్పీకర్‌కు ప్లస్ ఏదో కనుక్కోవడానికీ ఇదే పద్ధతి. మల్టీమీటరుతో కొలిస్తే 4 ఓముల స్పీకరు సుమారు 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది. ఆ తర్వాత అయిదు వేళ్లూ సమానంగా ఆన్చి కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. గరగర వినిపిస్తే కాయిల్ రుద్దుకుంటోందని అర్థం, దాన్ని వదిలేయండి. అంచు చుట్టూ రబ్బరు ఉంటే మంచిది. ఫోము అంచు అయితే గోటితో తాకి చూడండి, పొడిగా రాలితే దాని ఆయుష్షు అయిపోయినట్టే.

ఆంప్లిఫయర్‌ను నేరుగా సప్లైకి తగిలించొద్దు. మధ్యలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బును సీరీస్‌లో పెట్టండి. ఆంప్లిఫయర్ లోపల షార్టు ఉన్నా ఆ బల్బు దాటి రెండు ఆంపియర్లు కూడా పోదు. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోతే, లేదా మసకగా ఉంటే అంతా సవ్యంగా ఉంది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, సాధారణంగా మాస్‌ఫెట్లు (కరెంటును నియంత్రించే ట్రాన్సిస్టర్లు) కాలిపోయి ఉంటాయి. ఇది పాత ఎలక్ట్రీషియన్ల పద్ధతి, ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

బల్బు పరీక్ష నెగ్గాక, స్పీకరు తగిలించకుండా అవుట్‌పుట్ ప్లస్, మైనస్‌ల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. ఒకటి రెండు వోల్టులు కనిపిస్తే ఆ ఛానలు మీ స్పీకర్ కాయిల్‌ను వేడెక్కించి చంపేస్తుంది. హెడ్ యూనిట్ కొలిచేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దాని స్పీకర్ వైర్లలో ఏ ఒక్కదాన్ని గ్రౌండుతో కలిపి కొలిచినా సుమారు 6 వోల్టులు చూపిస్తుంది. అది లోపం కాదు. ఆ సెట్లలోని ఐసీలు బ్రిడ్జి పద్ధతిలో పనిచేస్తాయి, ప్లస్ మైనస్ రెండూ సప్లైలో సగం దగ్గర నిలబడి ఉంటాయి. అందుకే హెడ్ యూనిట్ స్పీకర్ మైనస్ వైర్లను ఎన్నడూ ఒకదానితో ఒకటి కలపకూడదు, గ్రౌండుకూ కలపకూడదు. కలిపితే ఐసీ పోతుంది.

కొండదారి మలుపుల్లో ఏళ్ల తరబడి అదిరిన సెట్లలో కప్లర్ పిన్నుల దగ్గర సోల్డరింగు వదులై ఉండటం సహజం. సౌండ్ వస్తూ పోతూ ఉంటే మూత తీసి ఆ పిన్నులను మళ్లీ కాస్త టంకం వేసి కరిగించండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

కరెంటు సంగతి

హెడ్ యూనిట్ పెట్టె మీద "50 వాట్లు × 4" అని రాసి ఉంటుంది. ఆ అంకెను నమ్మి సప్లై కొనొద్దు. బ్రిడ్జి పద్ధతిలో పనిచేసే ఆంప్లిఫయరు 4 ఓముల స్పీకర్‌కు శుభ్రంగా ఇవ్వగలిగే గరిష్ఠం ఎంతో మనమే లెక్కేసుకోవచ్చు. వోల్టేజీని దానితోనే హెచ్చించి, ఓములకు రెట్టింపుతో భాగించాలి. ఇంజను తిరుగుతున్నప్పటి 14.4 వోల్టులకు ఇది దాదాపు 26 వాట్లు, 12 వోల్టులకు 18 వాట్లు. లోపలి నష్టాలు పోను ఇంకొంచెం తక్కువే. టేబుల్ ముందు కూర్చుని వినేవాళ్లకు ఛానలుకు 15 వాట్లు ధారాళంగా సరిపోతాయి.

కాబట్టి హెడ్ యూనిట్ ఒక్కటే వాడితే 12 వోల్టులు 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ చాలు. సీసీటీవీకి, ఎల్‌ఈడీ బోర్డులకు వాడే జల్లెడ రేకు డబ్బా సప్లై అది, ఎక్కడైనా దొరుకుతుంది. లోపలే వోల్టేజీ పెంచుకుని నిజంగానే ఛానలుకు 50 వాట్లిచ్చే రెండు ఛానళ్ల విడి ఆంప్లిఫయరు ఉంటే లెక్క ఇలా వేయాలి: మొత్తం 100 వాట్లు, అందులో వేడిగా పోయేది పోను ఆంప్లిఫయరు సామర్థ్యం సుమారు 55 శాతం, అంటే లోపలికి 180 వాట్ల పైచిలుకు. 12తో భాగిస్తే 15 ఆంపియర్లు. 20 ఆంపియర్ల సప్లై తీసుకోండి. పాటల్లో సగటు వాడకం ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు, అయినా డప్పు దెబ్బ పడ్డ క్షణానికి ఆ జాగా ఉండాలి.

ఆ డబ్బా మీద స్క్రూ టెర్మినళ్ల పక్కన చిన్న ప్లాస్టిక్ తిప్పుడు బిళ్ల ఉంటుంది. మల్టీమీటరు పెట్టి దాన్ని మెల్లగా తిప్పి 13 నుంచి 13.2 వోల్టుల మధ్య ఉంచండి. కారు సామాను దాన్ని హాయిగా భరిస్తుంది, సౌండు కాస్త నిండుగా వస్తుంది.

ఇక్కడ 230 వోల్టుల విషయంలో కచ్చితంగా ఉండండి. ఆ డబ్బాల్లో ఫేజు, న్యూట్రల్ స్క్రూలు బయటికే కనిపిస్తాయి. పైన ప్లాస్టిక్ మూత లేకపోతే చెక్క లేదా అక్రిలిక్ ముక్కతో కప్పేయండి. మూడు పిన్నుల వైరు వాడి ఎర్తును ఎర్తు స్క్రూకే బిగించండి. ఎర్తు వదిలేస్తే రేకు ముట్టుకున్నప్పుడల్లా చేతికి జిల్లుమంటుంది, ఇంట్లో పిల్లలుంటే అది ఆటకాదు.

సప్లై ప్లస్ నుంచి వచ్చే ప్రతి దారికీ, సప్లైకి దగ్గరలోనే ఒక బ్లేడు ఫ్యూజు ఉండాలి. రంగును బట్టి గుర్తుపట్టండి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. హెడ్ యూనిట్‌కు వెనక రాసిన అంకె వేయండి, సాధారణంగా 10 ఉంటుంది. వైరు హెడ్ యూనిట్‌కు ఒకటిన్నర స్క్వేరు (చదరపు మిల్లీమీటరు), ఆంప్లిఫయరుకు 4 స్క్వేరు. పొడవు మీటరు కూడా ఉండదు కాబట్టి ఖర్చు కోసం వెనకాడక్కర్లేదు.

వైర్ల రంగులు

బయట కొని బిగించే సెట్లలో రంగులు దాదాపు ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండాల్సిన 12 వోల్టులు, గడియారానికీ స్టేషన్ల జ్ఞాపకానికీ అదే ఆధారం. ఎరుపు తాళం తిప్పినప్పుడు వచ్చే 12 వోల్టులు. నలుపు గ్రౌండు. నీలం మీద తెల్లచార ఉన్నది ఆంప్లిఫయర్‌ను లేపే రిమోట్. స్పీకర్లకు ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. ప్రతి రంగుకూ నల్లచార ఉన్న వైరు మైనస్. కంపెనీ సెట్లకు ఈ రంగులు వర్తించవు, కప్లర్ పిన్నుల బొమ్మ చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లో ఎరుపు 5 వోల్టులు, పసుపు 12. కారు సెట్టులో పసుపూ ఎరుపూ రెండూ 12. రంగుకు రంగు చూసి కలిపేస్తే సెట్టు ఆన్ కాదు, అది పాడైందని చెత్తలో పారేసేవాళ్లూ ఉంటారు.

స్పీకర్లకు కుడి, ఎడమ రెండు ఛానళ్లే చాలు. వాడని స్పీకర్ వైర్ల కొనలకు విడివిడిగా స్లీవ్ వేసి మూసేయండి.

గ్రౌండు, హమ్మింగు

ఇదే ఈ పనికి ప్రాణం, నిదానంగా చదవండి.

కంప్యూటర్ రేకు డబ్బా, దాని గ్రౌండు, ఇంటి ఎర్తు అన్నీ ఒకటే. మీరు పెట్టిన విడి ఎస్ఎంపీఎస్ మైనస్ మాత్రం సాధారణంగా ఎర్తుకు కలిసి ఉండదు, తేలుతూ ఉంటుంది. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ జాకు నుంచి ఆంప్లిఫయరుకు ఆడియో వైరు వేసినప్పుడు, ఆ వైరు పైతొడుగు ద్వారా రెండు గ్రౌండులూ ఒకే ఒక్క చోట కలుస్తాయి. ఆ తొడుగులో స్పీకర్ల కరెంటు పారదు, ఎందుకంటే అది తన సప్లైకే తిరిగి పోతుంది. కాబట్టి చప్పుడు లేదు.

ఇప్పుడు అదే హెడ్ యూనిట్‌ను కంప్యూటర్ రేకు డబ్బాకు నేరుగా బిగించారనుకోండి. సెట్టు బాడీ కూడా గ్రౌండే. రెండో దారి తెరుచుకుంది. గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటులో కొంత ఆడియో తొడుగు గుండా తిరుగుతుంది. మౌస్ కదిపినప్పుడు వినిపించే కీచు అదే. కంప్యూటర్ మోలెక్స్ (డిస్కులకు కరెంటిచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గు) నుంచే సెట్టుకు కరెంటు ఇచ్చినా ఇదే జరుగుతుంది.

అందుకని సెట్టునూ ఆంప్లిఫయర్‌నూ చెక్క మీద బిగించాలి, కంప్యూటర్ రేకుకు ఎక్కడా తగలకూడదు. మల్టీమీటరును బీప్ మీద పెట్టి, ఆడియో వైరు తీసేసి, సెట్టు బాడీకీ కంప్యూటర్ బాడీకీ మధ్య చూడండి. బీప్ రాకూడదు. కంప్యూటరు, విడి సప్లై, మానిటరు అన్నీ ఒకే స్పైక్ బస్టర్‌లో ఉండాలి. గదిలో రెండు మూలల సాకెట్లు వాడొద్దు.

ఇంత చేసినా హమ్మింగు మిగిలితే, కారు కొట్లలోనే దొరికే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వేయండి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, సిగ్నలు దాటుతుంది, గ్రౌండు దాటదు. అడుగు బాస్ కాస్త తగ్గుతుంది. మదర్‌బోర్డుకు ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే ఇంకా మేలైన దారి ఉంది. వెలుతురు మీద పోయే సిగ్నలుకు గ్రౌండుతో పనే లేదు, ఆంప్లిఫయరు పక్కన దాన్ని విప్పే చిన్న డబ్బా ఒకటి పెట్టాలి, అంతే. దానికి కరెంటు మాత్రం కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి ఇవ్వొద్దు, ఇస్తే తెంచిన దారిని మళ్లీ కలిపినట్టే.

రిలే

కంప్యూటర్ ఆన్ కాగానే ఆడియో లేవాలి, కానీ రెంటి కరెంటూ కలవకూడదు. హారన్‌కు వాడే 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే ఈ పని చేస్తుంది. కింద 85, 86, 30, 87 అని అంకెలుంటాయి. కంప్యూటర్ మోలెక్స్ పసుపును 86కు, నలుపును 85కు ఇవ్వండి. విడి సప్లై ప్లస్‌ను ఒక ఆంపియరు ఫ్యూజు గుండా 30కి ఇచ్చి, 87 నుంచి సెట్టు ఎరుపు వైరుకు, హెడ్ యూనిట్ లేకుండా ఆంప్లిఫయర్ ఒక్కటే ఉంటే దాని రిమోట్ టెర్మినల్‌కు తీసుకెళ్లండి. సెట్టు పసుపు వైరు మాత్రం ఫ్యూజు దాటి నేరుగా విడి సప్లైకే పోతుంది. ఆంప్లిఫయర్ పెద్ద కరెంటు రిలే గుండా పోదు, రిలే ఆన్ అనే సంకేతం మాత్రమే మోస్తుంది.

85, 86 మధ్య ఒక 1ఎన్4007 డయోడును, తెల్ల గీత 86 వైపు ఉండేలా అతికించండి. రిలే వదిలినప్పుడు కాయిల్ విసిరే వోల్టేజీని అది మింగేస్తుంది. అది లేకపోతే కంప్యూటర్ ఆఫ్ చేసినప్పుడల్లా స్పీకర్లో టప్‌మంటుంది, మదర్‌బోర్డుకూ మంచిది కాదు.

చెక్క పని

కంప్యూటర్ క్యాబినెట్‌లో సీడీ డ్రైవు జాగా వెడల్పు 146 మిల్లీమీటర్లు. కారు సెట్టు వెడల్పు 180. కాబట్టి ఆ జాగాలో సెట్టు పట్టదు, రేకును కోసి నరకయాతన పడొద్దు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పెట్టె చేయించి, పాత క్యాబినెట్ నుంచి మదర్‌బోర్డు కూర్చునే రేకు పలకను మాత్రం కోసి లోపల బిగించుకోండి. పెట్టెను రెండు అరలు చేయండి. పై అరలో కంప్యూటరు, కింది అరలో సప్లై, ఆంప్లిఫయరు. సెట్టుకు ముందు పలకలో 182 × 53 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం కోస్తే దాని రేకు తొడుగు సరిగ్గా దిగుతుంది. తొడుగు నాలుకలు వంచితే పట్టేస్తుంది. వెనక వైర్లకు సెట్టు లోతు పోను మరో అయిదు సెంటీమీటర్లు వదలండి.

ఆంప్లిఫయరు రెక్కలు నిలువుగా ఉండేలా నిలబెట్టండి, వేడిగాలి దానంతట అదే పైకి పోతుంది. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుందని మరవకుండా, కింది అరకు వెనక పెద్ద కన్నాలు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టాల్సిందే.

స్పీకర్లను కంప్యూటర్ పెట్టెలోనే బిగించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. నేను వద్దంటాను. అదురు హార్డ్ డిస్కుకు పడదు, ఎస్ఎస్‌డీ అయినా ఫ్యాన్లూ స్క్రూలూ గలగలలాడతాయి, గాలి కోసం కన్నాలున్న పెట్టెలో బాస్ నిలవదు. విడిగా రెండు మూసిన పెట్టెలు చేయండి. ఆరున్నర అంగుళాల స్పీకర్‌కు లోపల 10 లీటర్లు సరిపోతుంది. లోపలి కొలతలు 20 × 20 × 25 సెంటీమీటర్లు పెడితే సరిగ్గా అంతే వస్తుంది. ఓవల్ స్పీకర్లకు 15 నుంచి 20 లీటర్లు. కోత కొలత స్పీకర్ స్పీకర్‌కూ మారుతుంది, మీ చేతిలో ఉన్నదాని వెనక గిన్నెను కొలిచే కొయ్యండి. మూలలన్నీ జిగురు పెట్టి స్క్రూలు బిగించాలి, వైరు బయటికొచ్చే కన్నాన్ని ఎం-సీల్‌తో మూయాలి. గాలి కారితే బాస్ కారినట్టే. లోపల దిండులో వాడే రీక్రాన్ దూది వదులుగా పరవండి.

ముందు జాలీ మీద గుడ్డ వేయాలనుకుంటే శ్రీకాళహస్తి కలంకారీ చాలా అందంగా ఉంటుంది, మన ప్రాంతపు పని మన టేబుల్ మీద ఉంటుంది. గుడ్డను నోటికి అడ్డం పెట్టి ఊదండి. గాలి సులువుగా దాటితేనే పైస్థాయి స్వరాలు దాటతాయి. నేత దట్టంగా ఉంటే పక్క పలకలకు అంటించి, ముందు మాత్రం పలచటి నూలు గుడ్డ వేయండి.

రేడియో కూడా కావాలంటే సెట్టు వెనక యాంటెన్నా గుంటకు కారు ప్లగ్గు పెట్టి 75 సెంటీమీటర్ల వైరు పెట్టె నుంచి దూరంగా కిటికీ వైపు లాగండి. ఎఫ్ఎం తరంగంలో నాలుగో వంతు పొడవు అది. చెక్క పెట్టెలోని కంప్యూటర్ పక్కన మీడియం వేవ్ వినబడుతుందని మాత్రం ఆశపడొద్దు.

చచ్చిన సెట్టు నాబ్‌తో వాల్యూమ్

సౌండు పోయిన సెట్టును కూడా పారేయకండి. ఆగకుండా గుండ్రంగా తిరిగే దాని వాల్యూమ్ నాబ్ వెనక, ఎటు ఎన్ని మెట్లు తిప్పామో చెప్పే రోటరీ ఎన్‌కోడర్ ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి 32యూ4 చిప్పున్న ఆర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న ప్రోగ్రామింగు బోర్డుకు కలిపితే, కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. ఎన్‌కోడర్‌కు ఒక వైపు మూడు కాళ్లుంటే, మామూలుగా మధ్యది గ్రౌండు, అటూ ఇటూ ఉన్నవి 2, 3 పిన్నులకు. మరో వైపు రెండు కాళ్లుంటే అది నొక్కుడు స్విచ్చు, దాన్ని మ్యూట్ చేసుకోవచ్చు. ప్రోగ్రాములో హెచ్ఐడీ ప్రాజెక్ట్ అనే లైబ్రరీ వాల్యూమ్ పెంచే, తగ్గించే కీలను పంపుతుంది. ఒక్క టిక్కుకు వాల్యూమ్ రెండు మెట్లో నాలుగు మెట్లో ఎగిరితే, లెక్కను ఆ అంకెతో భాగించండి.

స్టీరింగు మీద బటన్లు దొరికితే ఇంకా సరదా. చాలా కార్లలో అవన్నీ రెండు వైర్ల మీదే నడుస్తాయి, ఒక్కో బటనుకు ఒక్కో రెసిస్టరు. మల్టీమీటరుతో ఒక్కోటి నొక్కి ఓములు రాసుకోండి. 5 వోల్టుల నుంచి ఒక కిలో ఓము రెసిస్టరు గుండా అనలాగ్ పిన్నుకు, అక్కడి నుంచి బటన్ల గుండా గ్రౌండుకు కలపండి. 330 ఓముల బటన్ నొక్కితే 1023కు గాను సుమారు 254 చదువుతుంది. దానికి అటూ ఇటూ కాస్త సందు వదిలి పాట మార్చే పని అప్పగించండి. స్విచ్చులను కారు స్టీరింగు నుంచి మీరే ఊడదీయొద్దు. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగు జోలికి పోకూడదు. మెకానిక్ ముందే తీసిపెట్టినవే కొనండి.

చెవికి సరిచేసుకోవడం

అన్నీ బిగించాక, ఆంప్లిఫయర్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నలును ఎంత పెంచాలో పెట్టే తిప్పుడు బిళ్ల) కనిష్ఠంలో పెట్టి, కంప్యూటర్ వాల్యూమ్ 85 శాతం దగ్గర ఉంచి, బాగా తెలిసిన పాట పెట్టండి. గెయిన్ కొంచెం కొంచెం పెంచుతూ, మీకు కావలసిన గరిష్ఠ సౌండు రాగానే ఆపేయండి. ఎప్పటికీ అక్కడే ఉంచాలి. గెయిన్ వాల్యూమ్ కంట్రోలు కాదు. అది ఎక్కువైతే ఏ పాటా నడవనప్పుడు కూడా స్పీకర్లో సస్సుమని వినిపిస్తుంది.

మొదట విన్నప్పుడు రెండు లోపాలు తోస్తాయి. బాస్ పలచగా ఉంటుంది. కారులో అద్దాలు మూసిన చిన్న గది అడుగు స్వరాలను తనే పెంచుతుంది, మీ గది పెంచదు. స్పీకర్లను గోడకు జానెడు దూరానికి జరపండి, కొంత బాస్ తిరిగొస్తుంది. రెండోది, పైస్థాయి స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి. డోర్ స్పీకర్లు మోకాళ్ల వైపు చూస్తూ ఉంటాయి కాబట్టి కొన్నింటిని కావాలనే కాస్త పదునుగా చేస్తారు. టేబుల్ మీద అవి నేరుగా మీ మొహం చూస్తున్నాయి. ఒక్కోదాన్ని ఇరవై ముప్పై డిగ్రీలు పక్కకు తిప్పండి. సరిపోకపోతే విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాముతో 8 కిలోహెర్ట్జ్ పైన మూడు డెసిబెల్స్ తగ్గించండి. లైనక్స్ వాడేవాళ్లకు ఈజీ ఎఫెక్ట్స్ ఉంది. విడిగా ఊఫర్ పెట్టుకున్నవాళ్లు ఆంప్లిఫయర్ మీద దానికి లో పాస్‌ను (అడుగు స్వరాలనే వదిలేది), చిన్న స్పీకర్లకు హై పాస్‌ను (పై స్వరాలనే వదిలేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, అక్కడి నుంచి చెవి చెప్పినట్టు జరుపుకోవచ్చు.

బాస్ నీరసంగా, గొంతు గదిలో ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉంటే ఒక స్పీకర్ ప్లస్, మైనస్ తారుమారై ఉంటుంది. ఆ ఒక్క స్పీకర్ వైర్లు మార్చి చూడండి. పాడేవాళ్లు సరిగ్గా మధ్యలోకి వస్తే అదే సరైన పద్ధతి.

మొదటి రోజు గంటసేపు గట్టిగా మోగించి, స్పైక్ బస్టర్ ఆపేసి, అన్ని టెర్మినళ్లనూ ఫ్యూజు హోల్డర్లనూ చేత్తో తాకండి. ఏదైనా ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ వైరు వదులుగా ఉంది. విప్పి, కొన శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. నెల తర్వాత ఒకసారి స్క్రూడ్రైవరు పట్టుకుని అన్నిటినీ మరోసారి బిగిస్తే, ఆ తర్వాత పెట్టె మూత మళ్లీ తీయాల్సిన అవసరం పెద్దగా రాదు.